ఫినాయిలు పోసిన సీతాఫలాలు

డుంబ్రిగుడ దాటి కొండ మీదికి పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. సీతాఫలాల కాలంలో మీరు ఆ పక్కగా వెళితే ఆగి చూసి ముచ్చటపడతారు. ఆడవాళ్లు బారుగా కూర్చుని పళ్లు ఏరుతుంటారు. కన్ను విచ్చిన పండు ఒక పక్కకి, గట్టి పండు ఒక పక్కకి. గట్టివాటికి మెత్తటి తొడుగు తొడిగి, థర్మాకోల్ పెట్టెలో ఐసు సంచుల మధ్య పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెడతారు. ఏసీ బండి వచ్చి ఆ పెట్టెల్ని ఘాటీ దింపి విశాఖపట్నం విమానాశ్రయానికి చేరుస్తుంది. అక్కణ్నుంచి దుబాయి. గిరిజనుల పండు విమానం ఎక్కిందని మనం చప్పట్లు కొడతాం. కొట్టండి. కొట్టే ముందు ఆ షెడ్డు వెనకాల వేసే కంపు కూడా ఒకసారి పీల్చండి.

షెడ్డు మేనేజరు రవిబాబు కింద మైదానం మనిషి. పళ్లు కొనే పెద్దమనుషులు చూడ్డానికొస్తే వాళ్లకి గొప్పగా చెప్పేవాడు.

"ఇక్కడ కాపలా దండగ సార్. రోజంతా పళ్ల మధ్యే కూర్చుంటారు, ఒక్కటి ముట్టరు."

ముట్టరు, నిజమే. ఆ కొండ ఊళ్లో ఏ కొత్త పంటైనా ముందు ఊరి సామికి పెట్టాలి. ఆ పండగని 'కొత్త' అంటారు. కొత్త అయ్యేదాకా ఎవరూ ఆ పంట నోట పెట్టరు, కోసి అమ్మడానికి మాత్రం అడ్డు లేదు. కడుపుతో ఉన్నది పెడితే బిడ్డకి కీడని భయం. కొత్త అయ్యాక తొలి పండు ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్లకే ఇస్తారు, తర్వాతే మిగతావాళ్లకి. నక్షత్రం చూసి ఆ రోజు చెప్పేవాడు దిశారి. ఆ ఊరి దిశారి పేరు గాసి.

గాసి చెల్లెలు సోములమ్మ ఆ షెడ్డులోనే పళ్లు ఏరేది. ఆమె కూతురు నిర్మల ఏడో నెలతో పుట్టింటికొచ్చింది. నర్సమ్మ వచ్చి కనురెప్ప కిందికి లాగి చూసి పెదవి విరిచింది. "రక్తం లేదమ్మా. ఇలాగైతే కాన్పు గండమే. మాత్రలొక్కటే చాలవు, కడుపు నిండా తినాలి, పళ్లు తినాలి" అని చెప్పి పోయింది. చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు. అవి పంట ఇంటికి రాని నెలలు. కుండలో చోడి అంబలి నీళ్లలా పలచబడే రోజులు. ఆ రోజుల్లో ఆ కొండని బతికించేది సీతాఫలమే. పెరట్లో చెట్టు విరగకాసి ఉంది. నిర్మల దాన్ని చూసేది, తల తిప్పుకునేది.

"ఒక్కటి తినే గుంటా, సామేటీ అనుకోడు" అని సోములమ్మ బతిమాలింది.

"నా ఒక్కదాని సంగతైతే తిందును. లోపలున్నోడికి ఏటైనా ఐతే? మావ ఏటంటన్నాడు?"

"నచ్చత్రం బాగోలేదంట. ఇంకా ఆగాలంట."

ప్రతి ఏడూ దసరా ముందే అయిపోయే కొత్త, ఆ ఏడు దసరా వెళ్లి దీపావళి దగ్గరపడుతున్నా కాలేదు. గాసి రోజూ ఆకాశం చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఊరు నమ్మింది. దిశారి మాట కాదనేవాళ్లు ఆ ఊళ్లో పుట్టలేదు.

ఒకరోజు ఖాళీగా కొండెక్కి వచ్చిన ఏసీ బండిని కడగమని సోములమ్మకి చెప్పారు. లోపలికెక్కి చీపురు వేసింది. మూలనుంచి గలగలమని మేక పెంటికలు దొర్లుకొచ్చాయి. దుబాయి దొరలు తినే పళ్లు పెట్టే చోటు!

"ఇదేటి బాబూ, పళ్ల బండిలో మేకేటి?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. "మీ అన్నకే! సంతలో కొని తెచ్చినాం. ఏసీలో జమీందారులాగ ఒచ్చింది. మొన్న రేకులు కూడా ఇందులోనే కదా తెచ్చి దింపినాం, ఆడి ఇంటి మీదకి."

"మా అన్నకి మీరెందుకిత్తారు?"

"ఎర్రిదానివే. పండగైపోతే మీరు తింటారు, సుట్టాలకి పంపుతారు. పండగ ఎనక్కెళ్లినన్నాళ్లూ కొండంతా మా షెడ్డుకే. మేనేజరు బుర్రంటే బుర్రే!"

సోములమ్మ చేతిలో పెంటికలు అలాగే ఉండిపోయాయి. దులుపుకుంది, కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. వాసన పోలేదు. అన్నని నిలదీస్తే ఊరు దిశారి మీద ఉమ్ముతుంది. ఊరుకుంటే పిల్ల పోతుంది. ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగింది.

ఇంతలో తుఫాను పట్టింది. విమానం రద్దయింది. విశాఖపట్నం కోల్డు స్టోరేజీలో గడ్డకట్టే చలిలో పడి ఉన్న పెట్టెలన్నీ తిరిగి కొండెక్కాయి. చలి ఎక్కువైతే సీతాఫలం తొక్క బొగ్గులా మారుతుంది. లోపల గుజ్జు బాగానే ఉంది. కానీ నల్ల పండుని దుబాయిలో ఎవడు కొంటాడు?

"ఎనకాల గోతిలో పొయ్యండి. ఫినాయిలు కొట్టండి" అన్నాడు రవిబాబు.

"లోపల బాగానే ఉంది బాబూ. కొండ కింద ఇస్కూలు పిల్లలకిచ్చినా తిందురు" అంది సోములమ్మ.

"ఊరికే పంచితే రేపు డబ్బిచ్చి నా దగ్గరెవడే కొంటాడు? పొయ్యమన్నాను, పొయ్యి. బేగి!"

పోశారు. తెల్లటి పళ్ల గుజ్జు మీద తెల్లటి ఫినాయిలు. తీపి, ఆస్పత్రి కంపు కలిసిన వాసన. ఎక్కణ్నుంచో ఒక పంది వచ్చి మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి తిరిగిపోయింది. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో గాసి కాలు మీద కాలేసుకుని, మేనేజరు ఇచ్చిన సిగరెట్టు కాలుస్తున్నాడు.

సోములమ్మ గొంతు అప్పుడు తెరుచుకుంది.

"అన్నా, ఇలారా! కొత్త అయిపోనాది, సూడు. సామికి పెట్టని పండు ఫినాయిలుకి పెట్టినారు."

"ఏటే ఆ కూతలు? పిచ్చెక్కిందేటి?"

"నీ మేక పెంటికలు నా సేతుల్తో ఎత్తినాను. నీ ఇంటి మీద రేకులు కాదురా అవి, నా గుంట ఒంట్లో లేని రగతం!"

ఆడవాళ్లందరి చేతులూ ఆగిపోయాయి. గాసి కాలు మీంచి కాలు దించాడు. మాట మాత్రం రవిబాబుకి వచ్చింది. అలాంటివాళ్లకి ఎప్పుడూ వస్తుంది.

"గాసీ, ఆడోళ్ల మాటలు పట్టించుకోకు. ఒక్క వారం ఓర్చుకో. వాన తగ్గగానే ఫ్లైటుంది. ఇంకో మేక పంపిస్తాను, సరేనా?"

అందరి ముందూ అన్నాడు. కొండవాళ్లకి చెవులుంటాయని అతనికి ఎప్పుడూ తోచలేదు. ఒక ముసలామె గాసి కాళ్ల దగ్గర ఉమ్మేసింది. గాసి సిగరెట్టు పారేసి గోతి దాకా నడిచాడు. వంగి చూశాడు. ఆ వాసనకి అక్కడే వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా, "రేపే కొత్త" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సామి రాయి ముందు ఆకు పరిచి సీతాఫలాలు పెట్టారు. గాసి తొలి పండు విడదీసి నిర్మల చేతికిచ్చాడు. ఆ పిల్ల నోటి దాకా తెచ్చి ఆగింది.

"మావా, నచ్చత్రం మంచిదేనా?"

"నచ్చత్రం దసరా ముందే మంచిదమ్మా. నానే మంచోణ్ని కాను. తిను."

తింది. ప్రతి గింజనీ నున్నగా చప్పరించి ఉమ్ముతూ తింది. ఒక్క పండుతో రక్తం పట్టదు, ఆ సంగతి సోములమ్మకీ తెలుసు. పోయిన రోజులు పోయినట్టే. ఇక కాన్పుదాకా రోజూ పెట్టడమే ఆమె చెయ్యగలిగింది. ఆ వారం షెడ్డుకి పళ్లు సగం కూడా రాలేదు. రవిబాబు సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? పక్క కొండ దిశారి కోసం సంతలో ఇంకో మేకని బేరమాడుతున్నాడు.

పాఠకులారా, పళ్లు విమానాల్లో పంపవద్దని ఎవరూ అనరు. అమ్ముకుంటేనే కొండకీ నాలుగు డబ్బులు. కానీ ఒక జాతి తన దేవుడికి భయపడి నోరు కట్టుకుంటే, ఆ భయాన్ని మేకనిచ్చి కొనుక్కోవడం వ్యాపారం కాదు, దొంగతనం కన్నా నీచం. చెట్టు పెంచిన ఇంట్లో కడుపుతో ఉన్న ఆడది తిన్న తర్వాతే ఏ పండైనా విమానం ఎక్కాలి.