గడప బయట కూర్చున్న నొప్పి

పొద్దున ఆరున్నరకి లాండ్రీ సైరన్ మోగేసరికి వీధిలో ఆడవాళ్ళు తలుపులు తీసి, గుమ్మానికి అడ్డంగా పడుకున్న నొప్పిని కాలికి తగలకుండా దాటి, చెప్పులేసుకునేవాళ్ళు. నొప్పుల బిళ్ళ మింగిన పావుగంటకి నొప్పి ఒంట్లోంచి దిగి గడప బయట కూర్చోవడం అక్కడ ఎవరికీ వింత కాదు. కొత్తల్లో అది పిల్లికూనంత ఉంటుంది. బిళ్ళ పవరు తగ్గగానే పరిగెత్తుకొచ్చి తన మనిషిలో దూరుతుంది. ఏడాది తిరిగేసరికి దూడంత అవుతుంది. "వదినా, మీదాన్ని కాస్త అవతలికి జరపండి, సైకిలు తియ్యాలి" అని మామూలుగా అడుగుతారు, వాళ్ళూ మామూలుగానే జరుపుతారు.

అక్క గుమ్మంలో మాత్రం ఒకటే నొప్పి ఉండేది. అది చెల్లెలు చిట్టిది. అక్కకి బిళ్ళ పడదు, మింగితే వాంతి. అందుకే తన కాళ్ళ నొప్పి తన కాళ్ళలోనే మోసుకుంటూ ఇస్త్రీ రోలర్ల దగ్గర నిలబడేది. అందులో తన గొప్పేమీ లేదని తనే చెప్పేది.

చిట్టిది తడి సెక్షను. ఉతికే మిషను డ్రమ్ములో నలభై దుప్పట్లు తాడులా మెలిపడి, నీళ్ళు కారుతూ, పీనుగంత బరువుంటాయి. వాటిని లాగడానికి మొదట్లో డ్రమ్ముకి ఇద్దరుండేవాళ్ళు. మేనేజరు ఒకరిని తీసేశాడు. అదే నెలలో ఆవరణలో క్లినిక్ వెలిసింది. రెండిటికీ సంబంధం లేదని నమ్మేవాళ్ళు నమ్మొచ్చు.

డాక్టరు మెత్తని మనిషి. అందరినీ "అమ్మా" అనే పిలిచేవాడు. అందరి చీటీ మీదా ఒకే మాట రాసేవాడు: రోజుకి రెండు, అవసరమైతే మరొకటి. అవసరమంటే ఎప్పుడని చిట్టి మందులిచ్చేవాణ్ణి అడిగితే, డ్రమ్ము తిరిగినప్పుడల్లా అని వాడు నవ్వాడు. వాడు జోకేశాడు. ఆడవాళ్ళు దాన్ని వైద్యమనుకున్నారు. డ్రమ్ము మూడు షిఫ్టులూ తిరుగుతుంది. రెండో ఏడాదికి చిట్టి రోజుకి తొమ్మిది మింగుతోంది.

ఒకరోజు రోలర్ల దగ్గర మనిషి రాకపోతే చిట్టిని అక్క ఎదురుగా నిలబెట్టారు. దుప్పటి కొస అందిస్తూ చిట్టి ముక్కు ఎగబీల్చి, "ఏదో కాలుతోందే" అంది.

"నీ చెయ్యే" అని అక్క లాగేసింది.

అరచేతి తోలు రోలరుకి అంటుకుపోయింది. చిట్టి ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. అప్పటికే గేటు బయట ఆమె నొప్పి తలతో ఇనప ఊచల్ని కుమ్ముతోంది. పాసు లేనిదే లోపలికి రానివ్వనని వాచ్‌మన్ కర్రతో అదిలిస్తున్నాడు.

డాక్టరు కట్టు కట్టి, ఫైలు తిరగేసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇన్ని మింగావేంటమ్మా? అవసరమైతేనే అని రాశాను కదా."

"ఎవరి అవసరమండీ?" అంది అక్క.

డాక్టరు లేచి చేతులు కడుక్కున్నాడు. కుళాయి చప్పుడులో ఆ ప్రశ్న వినపడలేదు కాబోలు.

మధ్యాహ్నానికల్లా నోటీసు బోర్డు మీద చిట్టి గురించి కాగితం వెలిసింది. మందులకి బానిస, పనికి అనర్హురాలు. దుప్పట్లు లాగినంతకాలం ఆమె రోగి. లాగలేని పూట నుంచి బానిస. పని ఆగింది, దాంతో బిళ్ళలూ ఆగాయి. మూడు రోజులు నొప్పి ఆమెను కావలించుకుని వదల్లేదు. చిట్టి వణికింది, కక్కింది, గోడకి తల కొట్టుకుంది. నాలుగోరోజు రీచార్జి కొట్టు వెనక ఎవరో ఆమెకి గోధుమరంగు పొడి పొట్లం ఇచ్చారు. బిళ్ళలకి దగ్గర చుట్టమేనట. ఆ పొడి ఘాటుకి నొప్పి గడప దగ్గర కూడా నిలవలేక వీధి చివరికి పోయి, గేదెంతై పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అక్క షిఫ్టు దిగి వచ్చేసరికి స్నానాల గది గడియ వేసి ఉంది. బకెట్టు నిండి నీళ్ళు తలుపు కిందనుంచి పారుతున్నాయి. భుజంతో గుద్దితే గడియ ఊడింది. చిట్టి గోడకి జారబడి ఉంది. పెదాలు నీలం. ఒక ఊపిరి తీసి, రెండోది మర్చిపోయినట్టుంది. పక్కింటి వదిన అంబులెన్సుకి ఫోను చేస్తే అరగంట పడుతుందన్నారు. అక్క చెంపలు వాయించింది, నీళ్ళు కొట్టింది. చిట్టి మొహంలో కదలిక లేదు, అంతా ప్రశాంతం. ఆ ప్రశాంతత చూసి అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ లాండ్రీవాళ్ళు నా చెల్లెలికి ఇచ్చిందల్లా ఇదే, అనుకుంది.

వీధి చివరికి పరిగెత్తింది. "లే" అంది నొప్పితో. "నీ మనిషి పోతోంది."

అది లేచింది. గుమ్మంలో పట్టలేదు. నలుగురు ఆడవాళ్ళు వెనకనుంచి నెట్టారు. ద్వారబంధం పెచ్చులూడింది. లోపలికి వచ్చి అది చిట్టి నడుం మీద తల ఆనించింది. తర్వాత కాలిన అరచెయ్యి వాసన చూసింది. తర్వాత మొత్తంగా ఆమెలోకి దిగింది.

చిట్టి బావిలోంచి తేలినట్టు గాలి పీల్చి, వీధి వీధంతా అదిరేలా అరిచింది. "నడుమే అక్కా. నడుం విరిగిపోతోందే. తీసెయ్యవే దీన్ని."

"తియ్యను" అంది అక్క, గట్టిగా పట్టుకుని, ఏడుస్తూ. "ఎంత తిట్టినా తియ్యను. అరువు, ఊపిరి ఆపకుండా అరువు."

అంబులెన్సు వచ్చేదాకా చిట్టి అరుస్తూనే ఉంది. ఆ వీధిలో అంత నొప్పిని అంత గొంతుతో ఎవరూ చెప్పుకోలేదు. ఆడవాళ్ళు కదలకుండా విన్నారు. ఇద్దరు మాత్రం తమ గుమ్మాల దగ్గరికి పోయి, అక్కడ పడుకున్నవాటి వీపు మీద చెయ్యేశారు.

ఊరవతల పెద్దాసుపత్రిలో నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని, నొప్పి ఉందా అని అడిగింది.

"ఉంది" అంది చిట్టి.

"ఎప్పట్నుంచి?"

చిట్టి అక్క వైపు చూసింది. తర్వాత లేచి కూర్చోబోయి, పళ్ళు కరుచుకుని, కూర్చుంది.

"డ్రమ్ము దగ్గర నా జతమనిషిని తీసేసిన రోజు నుంచి" అంది. "తీసేసినవాడి పేరు కూడా చెప్తాను, రాసుకోండి."