తారు కింద మూతలు

మిట్టమధ్యాహ్నం ధవళేశ్వరం రోడ్డు మీద తలుపులమ్మ గునపంతో తారును పొడిచి, తల వంచి చప్పుడు వింది. డొల్లగా మోగింది. సంచిలోంచి పిడికెడు సున్నం తీసి అక్కడ గుండ్రంగా గీసింది. వెనక ముప్పై గజాల దూరంలో మిల్లింగ్ మిషన్ అరిగిపోయిన తారును చెక్కి, చెక్కినదంతా బెల్టు మీదుగా టిప్పర్లో పోస్తూ వస్తోంది.

మిషన్ కింద తిరిగే డ్రమ్ముకు ఉక్కు పళ్ళుంటాయి. ఇనప మూత తగిలితే అవి విరుగుతాయి. ఈ రోడ్డుకేమో పాత తారు మీదే కొత్త తారు పోసీ పోసీ, నీళ్ళ పైపుల మూతలన్నీ పూడ్చేశారు. ఎక్కడెక్కడ పూడ్చారో ఏ కాగితంలోనూ లేదు. పూడ్చింది తలుపులమ్మా, ఆమె జట్టులోని పదిమంది ఆడవాళ్ళూ. వాళ్ళకే తెలుసు.

నిన్న పొద్దున సూపర్‌వైజర్ సత్యప్రసాద్ వచ్చి, "తలుపులమ్మగారూ, మీకు తెలియని మూత ఈ రోడ్డులో ఉందాండీ?" అన్నాడు. గారూ అన్నాడు! పద్దెనిమిదేళ్ళుగా "ఏయ్" తప్ప ఎరగని మనిషి. పిచ్చిది, పొంగిపోయింది. తనతో పాటు జట్టునీ పనిలో ఉంచుతారా అని ఒక్క మాట అడక్కుండా సగం రోడ్డు చూపించేసింది.

ఇప్పుడు కృపారాణి చెమటలు కక్కుతూ వచ్చింది. జట్టులో అందరికంటే చిన్నది.

"పిన్నీ, రేపట్నుంచి మమ్మల్ని రావద్దంటన్నారు. పదిమందినీ."

తలుపులమ్మ తిన్నగా సత్యప్రసాద్ దగ్గరికి వెళ్ళింది. "నిజవేనాండీ?"

"చెక్కడానికి మిషన్ ఉంది, ఊడవడానికి బ్రష్ బండి ఉంది. ఇంక మనుషులతో పనేముందండీ? మిమ్మల్ని మాత్రం పనయ్యేదాకా ఉంచుతాం లెండి."

"ఎప్పటికవుద్దండీ?"

"ఈ సాయంత్రానికి."

ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పొద్దుటినుంచీ గునపం అదురుకు చేతులు మొద్దుబారాయి. ఇప్పుడు మనసూ అలాగే అయింది. ఏం చేస్తుంది మరి! వెనక్కి నడిచి వచ్చి, గీసిన సున్నం వంక చూస్తూ నిలబడింది.

మిషన్ డ్రమ్ము పైకెత్తుకుని ఆ గీత దాటి ఆగింది. అక్కడినుంచి కాలవ లాకుల దాకా రోడ్డంతా నల్లగా, గీత లేకుండా ఉంది.

"తర్వాతి మూతెక్కడండీ?" సత్యప్రసాద్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"తెలుసండి."

"చూపించండి మరి."

"చూపించనండి."

పెద్దగా అరవలేదు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, గునపం కింద పెట్టింది.

"ఇవాళ్టి కూలి పోద్దండోయ్."

"ఆయ్."

అతను రోడ్డువార నిలబడ్డ పదిమంది వైపు తిరిగాడు.

"మీలో ఎవరు చూపిస్తారు? రోజుకి ఐదొందలేగా మీకు. ఈ పూటకే వెయ్యి ఇస్తాను."

వెయ్యి రూపాయలు. కృపారాణి తలుపులమ్మ మొహం వంక చూసి, తల దించుకుంది. లాకుల దాకా ఎన్ని మూతలున్నాయో, ఏది ఎక్కడుందో పదిమందికీ తెలుసు. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఎవరూ ఇంకా నోరు విప్పలేదు.