ఇల్కా పెట్టె

"ఆ గడిలో టిక్కు పెట్టక్కా. పుణ్యముంటుంది," అన్నాడు యార్కో, ఆమె చెవులకి తగిలించుకున్న చెవిగొట్టాల్లోంచి.

"పెట్టను," అంది మెర్వి.

"అది పెడితే లైన్లో లేనివాళ్ళ పెట్టెలు కనపడవు. తెర శుభ్రంగా ఉంటుంది. ఆటలో వైద్యం చేసేవాళ్ళందరూ చేసే పనే అది."

"అందరూ చేసుకోండి. నేను పెట్టనన్నానా, లేదా?"

యార్కో కెమి అనే ఊళ్ళో మంచు తీసే బండి తోలే మనిషి, ఓపికకి పెట్టింది పేరు. కానీ మెర్వికి ఆట నేర్పడం మొదలుపెట్టాక అతనికీ తల ప్రాణం తోకకొచ్చింది.

మెర్వికి నలభై దాటాయి. ఔలు ఊళ్ళో ఒక బడి వంటగదిలో పని. వారమంతా పిల్లలకి వడ్డించి, గురువారం బఠాణీ చారు గంగాళాలు తోమి ఇంటికొచ్చే ఆడమనిషికి ఈ కంప్యూటరు ఆటలేంటని మీరడగొచ్చు. మొన్నమొన్నటిదాకా ఆమే అడిగేది. "గాడిదలా ఎదిగావు, ఇంకా బొమ్మల యుద్ధాలేంట్రా?" అని తమ్ముడు ఇల్కాని దులిపేసేది. ఇల్కా నవ్వేసి ఇంకో కప్పు కాఫీ పోసుకునేవాడు. ఆ తమ్ముడు పోయాడు. ఇప్పుడామె వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, వాడు ఆడిన ఆటే, వాడు చేసిన వైద్యమే నేర్చుకుంటోంది. నవ్వకండి.

పాతిక మంది ఒక జట్టు. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఒకే గుహలోకి దిగుతారు. కొందరు రాక్షసుణ్ణి కొడతారు, ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, నలుగురైదుగురు అందరి ప్రాణాలూ నిలబెడతారు. ఆ వైద్యులకి ఆటతో వచ్చే తెర ఏ మూలకీ చాలదు. అందుకే విడిగా యాడాన్ అనే చిన్న ప్రోగ్రామొకటి తెచ్చి తగిలించుకుంటారు. అందులో మనిషికో చిన్న పెట్టె. పెట్టెలో పచ్చరంగు ఉన్నంత మేర రక్తం. రంగు దిగితే ఆ పెట్టె మీద మౌసు పెట్టి నొక్కాలి. ఎడమ మీట చిన్న మందు, చిటికెలో పడుతుంది. కుడి మీట పెద్ద మందు, ప్రాణం పోతున్నవాణ్ణి కూడా లేపుతుంది గానీ ఒకసారి వేశాక మళ్ళీ చేతికి రావడానికి చాలాసేపు పడుతుంది. వైద్యులు రాక్షసుడి మొహం కూడా చూడరు. చూడ్డానికి తీరికేదీ? పెట్టెలే వాళ్ళ లోకం.

ఏ మీటకి ఏ మందో మనమే చెప్పుకోవాలి. మెర్వి మొదటిరోజు కుడి మీటకి ఏదో తప్పు తగిలించి, మందు వేయబోయి జట్టు మొత్తానికీ వంగి వంగి దండాలు పెట్టింది. ముందు నిలబడి దెబ్బలు తినే పాసి, చచ్చి పడున్నవాడు పడున్నట్టే, "నీ మర్యాద బంగారం గానూ, కాస్త ప్రాణం కూడా పోయమ్మా," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, తమ్ముడి అంత్యక్రియల తర్వాత మొదటిసారి.

మూడో వరస చివర ఒక పెట్టె ఉంది. పచ్చ లేదు, ఎరుపు లేదు. బూడిదరంగు. దాని మీద ఇల్కా పేరు. మెర్వి ఈ ఆటలోకొచ్చింది దాని కోసమే, జట్టులో ఇంకొకడు మానేసిన చోట్లోకి.

ఈ ఆటలో లైను తెగినా మనిషి జట్టులోంచి పోడు. పెట్టె బూడిదరంగులోకి మారి అక్కడే ఉంటుంది, మళ్ళీ లైన్లోకొస్తే ఆగిన చోటే తేలతాడు. కానీ జట్టులో ఒక్కరైనా మేలుకుని ఉండాలి. అందరూ కట్టేసి వెళ్ళిపోతే జట్టే చెదిరిపోతుంది. మళ్ళీ కట్టాలంటే ప్రతివాణ్ణీ పిలవాలి, ప్రతివాడూ వస్తానని తన చేత్తో నొక్కాలి. ఇల్కా ఎలా నొక్కుతాడు? అందుకని వాడు పోయినప్పటినుంచీ వీళ్ళు జట్టుని చెదరనివ్వలేదు. వంతులు వేసుకున్నారు. యార్కో రాత్రంతా రోడ్ల మీద మంచు చెక్కొచ్చి పొద్దున కాపలా కూర్చునేవాడు. ఒకడు ఆఫీసులో బాసుకి కనపడకుండా తెర చాటున తెరిచి ఉంచేవాడు. ఎవరూ ఆడేది లేదు, ఊరికే నిలబడి ఉండటం. పెద్దవాళ్ళు, పెళ్ళాంపిల్లలున్నవాళ్ళు చేశారండీ ఈ పని.

ఎందుకు చేశారంటే, అందులో కొంత ప్రేమ, ఎక్కువ తప్పు చేశామన్న భయం.

వాడు పోయింది ఆడుతూ ఆడుతూనే. శరత్కాలంలో ఒక ఆదివారం, గుహలో ఆఖరి రాక్షసుడి ముందు. అందరూ పరుగెడుతుంటే ఇల్కా ఒక్కడూ కదల్లేదు. వాడి కాళ్ళ కింద నిప్పు మండుతోంది. వైద్యులందరికీ ఒక కట్టుబాటుంది: నిప్పులో నిలబడి కదలనివాడికి మందు వేయకూడదు. అది మందు దండగ, వాడికీ బుద్ధి రాదు. యార్కో ఆ కట్టుబాటే పాటించాడు. వాడి పెట్టె ఎర్రబడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. "ఒరే మొద్దూ, కదలరా!" అని అరిచారు. కునుకు తీశాడనుకుని పాసి జోలపాట పాడాడు. ఆ అరుపులు చెవిగొట్టాల్లోంచి బయటికి వినపడి, ఇల్కా భార్య తుయిరేకి ఒళ్ళు మండింది. గదిలోకొచ్చి పిలిచింది. పలకని మొగుడి మీద కోపంతో తీగ పట్టుకుని గోడలోంచి పీకేసింది. ఆ తర్వాత వాడి మొహం చూసింది.

పెట్టెలో ఒక్క చుక్క రక్తం మిగిలుండగా బూడిదరంగు కమ్మేసింది. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. జోలపాటకి ముందో, తర్వాతో.

ఈ కాపలాల సంగతి మెర్వి ఒకసారి తుయిరేకి ఫోన్లో చెప్పింది, సంతోషిస్తుందేమోనని. "చచ్చినవాణ్ణి చావనివ్వరా మీరు?" అని ఫోను పెట్టేసింది తుయిరే. వదినా మరదళ్ళ మధ్య మళ్ళీ మాటల్లేవు.

డిసెంబరు వచ్చేసరికి పాసి తెగేసి చెప్పాడు. "నాకూ వాడంటే ప్రాణమే. కానీ ఇరవైనాలుగు మందితో ఆ రాక్షసుడు చావడు. ఖాళీ చోటుని ఎన్నాళ్ళు మోస్తాం? సగంమంది వేరే జట్లు చూసుకుంటున్నారు." వాదనలయ్యాయి, అలగడాలయ్యాయి. చివరికి యార్కో తీర్పు చెప్పాడు. వచ్చే ఆదివారం ఇరవైనాలుగు మందీ కలిసి ఆ రాక్షసుణ్ణి కూలిస్తే ఇల్కా పెట్టె ఉంటుంది. ఓడిపోతే తన చేత్తో తనే తీసేస్తాడు.

మెర్వి పట్టుబట్టి మరీ వైద్యుల్లో చోటడిగింది. తమ్ముడి పెట్టె నిలవాలంటే తన చెయ్యే ఆడాలనుకుంది. బడి నుంచి రాగానే కోటైనా విప్పకుండా కూర్చునేది. పెట్టెలు పెద్దవి చేసేది, దగ్గరికి జరిపేది, ఎవరి రక్తమైనా అడుగంటితే గంట కొట్టేలా పెట్టుకుంది. ఒక సాయంత్రం అలా సర్దుతుంటే గంట మోగింది. జట్టంతా బజార్లో ఊరికే నిలబడి ఉంది, దెబ్బలు తినేవాళ్ళెవరూ లేరు. చూస్తే పెట్టెలన్నిట్లో రక్తం ఎక్కుతోంది, దిగుతోంది. మూడో వరస చివరిది కూడా. బూడిదరంగు పోయి పచ్చగా వెలుగుతోంది ఇల్కా పెట్టె. నిండుతోంది, తగ్గుతోంది, మళ్ళీ నిండుతోంది.

"యార్కో," అంది మెర్వి. "మా వాడు ఊపిరి తీస్తున్నాడు."

"అక్కా," అన్నాడు యార్కో మెల్లగా, "పైన మూలలో పరీక్ష అని ఉంటుంది చూడు. అది నొక్కావు. యుద్ధంలో తెర ఎలా ఉంటుందో చూసుకోడానికి దొంగ లెక్కలు చూపిస్తుంది అది. ఆపెయ్యి."

ఆపేస్తానంది. ఆపలేదు. దీపం కూడా వేసుకోకుండా ఆ పెట్టె ఎదురుగా కూర్చుంది. దొంగ ఊపిరని తెలుసు. అయినా కన్ను తిప్పుకోలేకపోయింది, తిప్పితే ఆగిపోతుందని భయం. ఆమెకి ఏడుపు రాలేదు, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. ఎప్పటికో యార్కో, "ఆపావా అక్కా?" అన్నాడు. "నేనూ ఆపలేకపోయాను మొదట్లో," అన్నాడు మళ్ళీ తనే.

ఆదివారం మధ్యాహ్నానికే చీకటి పడింది. మెర్వి దాల్చినచెక్క రొట్టెలు కాల్చి పెట్టుకుంది గానీ ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. జట్టు గుహలోకి దిగింది. ఎప్పుడూ వాగే పాసి కూడా ఆవేళ గప్‌చుప్.

యుద్ధం బాగా సాగింది. సాగిందేమిటి, ఎన్నడూ అంత బాగా ఆడలేదు వాళ్ళు. మెర్వి చెయ్యి ఎక్కడా తడబడలేదు. గంట మోగకముందే మందు పడుతోంది. రాక్షసుడి రక్తం సగానికొచ్చింది, పావుకొచ్చింది. "మెల్లగా, మెల్లగా, మనదే," అంటున్నాడు యార్కో. "అక్కా, పెద్ద మందు దాచుకో. చివర్లో పాసికి కావాలి."

గంట మోగింది.

మూడో వరస చివర పెట్టె వెలిగింది. అడుగున గీతంత ఎరుపు, ఒక్క చుక్క.

మళ్ళీ ఆ పరీక్ష నొక్కేశాననుకుంది మెర్వి. మూలకి చూసింది. నొక్కలేదు. ఈసారి తల ఎత్తి గుహలోకి చూసింది, పెట్టెలు కాదు, మనుషుల్ని. తీగ పీకినప్పుడు ఎక్కడున్నాడో సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు ఇల్కా. తెల్ల అంగీ, చేతిలో కర్ర. కాళ్ళ కింద నిప్పు.

"దేవుడా," అన్నారెవరో. కొట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"పాసి పోతున్నాడు!" యార్కో అరిచాడు. "అక్కా, పాసి! పెద్ద మందు!"

పాసి పెట్టె ఎర్రబడింది. ఇల్కా పెట్టెలో చుక్క సన్నగిల్లుతోంది. జట్టు మొత్తానికీ మిగిలిన పెద్ద మందు అదొక్కటే. పాసికి వేస్తే గెలుపు, గెలిస్తే తమ్ముడి పెట్టె ఉంటుంది. అదంతా మెర్వికి తెలుసు. వాడు నిప్పులో ఉన్నాడు, కదలడం లేదు, అది కూడా తెలుసు. ఆ రోజు అంతమంది కళ్ళప్పగించి చూశారని ఇంకా బాగా తెలుసు.

తమ్ముడి పెట్టె మీద పెట్టి కుడి మీట నొక్కింది.

గుహలో ఇల్కా మీద వెలుగు ధారగా పడింది. పెట్టె అంచుదాకా పచ్చగా నిండింది. పాసి కూలిపోయాడు. వాడి వెనకే ఒక్కొక్కరూ పడ్డారు. యార్కో పడ్డాడు, మెర్వి పడింది. పెట్టెలన్నీ నల్లబడ్డాయి. ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు. యార్కో ఏడుస్తున్నాడు, అందరికీ వినపడేలా.

రాక్షసుడు ఇల్కా వైపు తిరిగాడు.

అప్పుడే బల్ల మీద మెర్వి సెల్లు మోగింది. తుయిరే.

"వదినా," అంది. రొప్పుతోంది. "కంప్యూటరు ఎవరికైనా ఇచ్చేద్దామని తీశాను. ముందు వీణ్ణి మీ జట్టులోంచి లాగేద్దామనుకున్నా. పేరూ అవీ అన్నీ అందులోనే ఉన్నాయి, ఊరికే నొక్కానంతే. ఎవరో వీడి మీద వెలుగు పోశారు. ఇప్పుడు ఎవడో కొడుతున్నాడు వదినా! కొడుతున్నాడు, నేనేం చెయ్యను?"

"పరుగెత్తించు!" అంది మెర్వి. "తుయిరే, బాణం గుర్తున్న మీటలున్నాయి చూడు. పైకున్నది నొక్కిపట్టు. వదలకు!"

ఇల్కా కదిలాడు.

"కుడికి!" ఫోను మైకు దగ్గరికి తెచ్చింది మెర్వి. జట్టంతా ఒక్కసారి గొంతెత్తింది. "కుడికమ్మా! స్తంభం పక్కనుంచి! మెట్లు, మెట్లెక్కు!" ఆ రోజు మొద్దూ అని తిట్టిన గొంతులే అవి. జోలపాట పాడిన పాసి, "పరుగెత్తరా ఇల్కా, పరుగెత్తరా నాయనా," అని గుండెలవిసేలా అరుస్తున్నాడు. ఇల్కా గోడకి తగులుకున్నాడు, విడిపించుకున్నాడు, మెట్లెక్కాడు. వీపు మీద దెబ్బ పడింది. పెట్టె సగమైంది. చచ్చి పడున్న మెర్వి చేతిలో మందేమీ లేదు.

వాడు గుమ్మం దాటాడు. రాక్షసుడు వెనక్కి తిరిగిపోయాడు.

మందు అందనంత దూరం పోయినవాళ్ళ పెట్టె మసకబారుతుంది. ఇల్కా పెట్టె మసకబారింది. బూడిదరంగు కాదు, పచ్చే, పలచగా.

"ఆగిపోయాడు," అంది తుయిరే ఫోన్లో. ఏడుస్తోందని మెర్వికి తెలుస్తూనే ఉంది. "బయటికొచ్చేశాడు వదినా. ఇక్కడెవరూ లేరు. మంచు పడుతోంది. ఆ రోజు నేను మొహం కూడా చూడకుండా పీకేశాను. ఇవాళ చూశాను. పరుగెడుతుంటే చూశాను."

"నేనూ చూశాను," అంది మెర్వి.

ఓడిపోయారు కాబట్టి పెట్టె తీసెయ్యాలి, మాట మాటే. యార్కోకి చెయ్యి రావడం లేదని ఆమెకి తెలుసు. తమ్ముడి తరఫున ఎవరో ఒకరు చేయాలి. పేరు మీద కుడి మీట నొక్కితే జట్టు వదిలిపోవడం అని కనపడుతుందని మరదలికి నిదానంగా చెప్పింది, బడిలో పిల్లలకి పళ్ళెం ఎక్కడ పెట్టాలో చెప్పే గొంతుతో.

"నొక్కాను," అంది తుయిరే. "ఇదేదో అడుగుతోంది వదినా. నిజంగా వెళ్ళిపోతారా అని అడుగుతోంది. ఏమని చెప్పను?"

మెర్వి మూడో వరస చివర ఆ పలచటి పచ్చని చూస్తూ ఉండిపోయింది.

"ఔనని చెప్పు," అంది.