బూజు పట్టని జిగురు

వానలకు ల్యాబులో అన్నిటికీ బూజు పట్టింది. కిటికీ దగ్గర మరిచిపోయిన సంచిలో ఆకులు, కొమ్మలు కుళ్లి కంపు కొడుతున్నాయి. ఆ ల్యాబులో పరిశోధన చేసే చెల్లెలు దాన్ని పారెయ్యబోతూ ఆగింది. కొమ్మ నరికిన చోట ఊరి గట్టిపడ్డ జిగురు మాత్రం తేనెరంగులో శుభ్రంగా ఉంది. దాని చుట్టూ బూజు జాడే లేదు.

మందుమొక్కల్లో క్రిముల్ని చంపే గుణం కోసం ఆమె చాలాకాలంగా వెతుకుతోంది. ఆకులు ఉడికించింది, వేళ్లు నూరింది. ఏదీ పనిచేయలేదు. తోటివాళ్లు 'పసరు డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. అయినా ఆమె వదల్లేదు. ఆమె అక్క, ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో నర్సు. ఏ మందుకూ లొంగని క్రిమి ఒకటి అక్కడ తిష్ట వేసింది. "ఉన్న మందులన్నీ వాడేశామే" అంటూ అక్క ఒకసారి భోజనం ముందు నుంచి లేచిపోయింది.

చెల్లెలు ఆ క్రిమినే తెప్పించి గాజుపళ్లెంలో పెంచి, జిగురును స్పిరిటులో కరిగించి, అందులో ముంచి ఆరబెట్టిన చిన్న కాగితం బిళ్లను మధ్యలో పెట్టింది. మర్నాడు పళ్లెం వెలుతురుకు ఎత్తి చూస్తే క్రిములు మీగడలా పరుచుకున్నాయి. బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. వెంటనే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, చచ్చాయి."

"పొద్దున్నే ఏం మాటలే అవి? ఎవరికేమైంది?"

"మనుషులు కాదక్కా, మీ వార్డు క్రిములు."

అక్క డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేసింది. పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసింది. "అప్పుడే సంబరపడకు. స్పిరిటుకి చచ్చుంటాయి."

"అంటావని తెలుసు. ఇది ఒట్టి స్పిరిటు బిళ్ల. దీని చుట్టూ ఎలా మూగాయో చూడు."

అక్క వంగి రెండు బిళ్లలనూ మార్చి మార్చి చూసింది.

ల్యాబు పెద్దాయన ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. కొత్త జిగురు తెప్పించి తన చేత్తో మళ్లీ చేశాడు. మళ్లీ అదే ఖాళీ. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మాయ్, ముందు ఆ చెట్టును ఎవరూ కొట్టెయ్యకుండా చూడు" అన్నాడు.

గండం ఇంకా గడవలేదు. క్రిమిని చంపేది మనిషినీ చంపొచ్చు. గాజుపళ్లెంలో పెంచిన మనిషి చర్మకణాల మీద అదే మోతాదు వేసి, మర్నాడు చెల్లెలు మైక్రోస్కోపులో చూసే ధైర్యం చాలక అక్కను కూర్చోబెట్టింది.

"చచ్చినవి ఎలా ఉంటాయే?" అంది అక్క, తల ఎత్తకుండా.

"ముడుచుకుపోయి, ఊడి తేలుతుంటాయి."

"అలాంటివేం కనపడట్లేదే. అన్నీ పళ్లేనికి చక్కగా అతుక్కునే ఉన్నాయి."

చెల్లెలు అక్కను పక్కకు నెట్టి చూసింది. నిజమే. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని నవ్వారు.

అది మందు కావడానికి ఏళ్లు పడుతుందనీ, దారిలో ఎక్కడైనా బెడిసికొట్టొచ్చనీ ఇద్దరికీ తెలుసు. అయినా ఒకరి మాటకొకరు అడ్డొస్తూ మెట్లు దిగారు.

"పూతమందు చేస్తే మటుకు కట్టు పుండుకు అంటుకోకుండా చెయ్యవే. విప్పేటప్పుడు పేషెంట్ల ఏడుపు వినలేకపోతున్నా" అంది అక్క.

చెల్లెలు అప్పటికే వెనక్కి తిరిగి ల్యాబు మెట్లెక్కుతోంది.