చింతపిక్కల తీర్పు

పప్పు దించే వచ్చిందా లేదా, దించినట్టే గుర్తు, మసిగుడ్డ చేతిలో ఉన్నట్టూ గిన్నె అంచు వేలికి చురుక్కుమన్నట్టూ గుర్తే, కానీ అది నిన్నటిదేమో, చేసిన పని చేశానా లేదా అని తనను తనే అడుక్కోవడం రత్నాలుకి ఐదేళ్ళుగా అలవాటైపోయింది, ఎవరూ అడక్కపోయినా, టీవీలో ఆ అమ్మాయిని మాత్రం అడుగుతున్నారు, నల్లకోటు ఆయన బోను చుట్టూ పిల్లిలా తిరుగుతూ ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు, ఆదివారం పొద్దున్న ఈ కోర్టు కథ వచ్చే వేళకి ప్రాజెక్టు కాలనీలో ఏ ఇంట్లోనూ మనిషుండడు, అందరూ క్లబ్బు హాల్లోనే, చాపల మీద ఆడవాళ్ళు, వెనక కుర్చీల్లో మగవాళ్ళు, ఆ మగవాళ్ళలో ఆఖరి వరసలో గణపతిరావు, తన భర్త, పవర్‌హౌసులో ఆపరేటరు, చేతులు కట్టుకుని కూర్చుని ఉంటాడు, తిరిగి చూడక్కర్లేదు, ఆయన దగ్గు ఎక్కడినుంచి వస్తుందో తనకి తెలుసు. కొండ మీద మబ్బు దిగితే తెర మీద బొమ్మ కూడా మసకేస్తుంది, క్లబ్బు వాచ్‌మన్ సోంబరు పైకెక్కి ఆ గొడుగులాంటి డిష్షుని అటూ ఇటూ తిప్పుతూ వచ్చిందా బాబూ వచ్చిందా అని అరుస్తాడు, కింద నుంచి వచ్చింది వచ్చింది దిగిపో అని అందరూ, కథంతా హిందీలో, హిందీ తెలిసిన మనిషి అకౌంట్సు రమణమూర్తిగారొక్కరే, ఎప్పుడో భిలాయిలో పని చేశారట, వకీలు గుక్క తిప్పుకోకుండా అంతసేపు మాట్లాడిన దానికి ఈయన, ఒప్పుకోనంటున్నాడు, అని ఒక్క ముక్క చెబుతారు, అదేటి బాబూ అంతసేపు వాగితే అంతేనా అని క్యాంటీను యర్రమ్మ, మిగతాది ఇంగిలీషులెండి అని ఆయన, హాలంతా నవ్వు, రత్నాలు కూడా నవ్వింది, నవ్వుతూనే ఆ అమ్మాయి చేతుల్ని చూస్తోంది, బోను చెక్కని ఎంత గట్టిగా పట్టుకుందో.

కథలో ఆ పిల్ల అత్తగారికి సాయంకాలం గుండె పట్టేసిందట, ఇంట్లో కోడలు ఒక్కర్తే ఉందట, పక్క బల్ల మీదే టెలిఫోను, డాక్టరుకీ చెయ్యలేదు, మొగుడికీ చెయ్యలేదు, మొగుడు కొలువు నుంచి వచ్చేదాకా ముసలావిడ మంచం పక్కన కూర్చునే ఉందట, మందులో విషం కలిసిందంటున్నారు పోలీసులు, ఎందుకు కబురు చెయ్యలేదమ్మా అంటున్నాడు నల్లకోటు, అది రమణమూర్తిగారు తెలుగులో చెప్పక ముందే రత్నాలుకి అర్థమైపోయింది, ఆ ప్రశ్నకి భాష అక్కర్లేదు, పిల్ల జవాబు చెప్పదు, పెదవి కొరుక్కుని, జనంలో కూర్చున్న మొగుడి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది, చాపల మీద గుసగుసలు, దొంగముండ సూడు ఎలా సూత్తందో అని ఎవరో, నోరు లేని పిల్లలా ఉంది పాపం అని ఇంకెవరో, సోంబరు గుమ్మంలో తడితల తుడుచుకుంటూ, మా ఊళ్ళో అయితే పెద్దలు కూకుని తప్పు కట్టించేసి ఈపాటికి ఇళ్ళకెళ్ళిపోదురు, ఈళ్ళేటి బాబూ ఇంకా మాటాడతన్నారు అన్నాడు.

ఎందుకు కబురు చెయ్యలేదు అంటే, తను ఒకసారి చేసింది కాబట్టి, కాపరానికొచ్చిన కొత్తల్లో వంటింట్లో బియ్యం డబ్బా వెనక పాము చేరితే కేకలు పెట్టి ఈ సోంబరునే పవర్‌హౌసుకి పరిగెత్తించింది, ఆయన మీటల ముందు నుంచి లేచి వచ్చేశాడు, కొండవాలు అడ్డదారిన పడుతూ లేస్తూ, పాము ఎటో పోయింది గాని అక్కడ యంత్రం ఆగిపోయి పెద్ద ఇంజనీరు నలుగురిలో నానా మాటలూ అన్నాడు, ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కోకుండా గడప మీద కూర్చుండిపోయి, సూడు రత్నాలూ, షిఫ్టులో ఉన్నోడికి ఇంటి కబురు రాకూడదు, నా సెయ్యి ఒక్కపాలి తప్పితే నీరు ఒక్కసారి దిగిపోద్ది, కింద ఏట్లో పశువుల్ని కడుక్కునే కొండోళ్ళ గుంటలు కొట్టుకుపోతారు, ఇల్లు కాలిపోతన్నా కబురెట్టకు, దిగేక సూసుకుందాం, అన్నాడు, సరేనండి అంది తను, విజయనగరం దగ్గర చెరకు తోటల్లో పెరిగిన పిల్లకి అంత నీటిని చేతిలో పెట్టుకున్న మొగుడంటే గర్వంగా కూడా ఉండేది, ఆ ఏట్లో పిల్లల ముఖాలు ఎన్నడూ చూడకపోయినా వాళ్ళు తన పూచీ అయిపోయినట్టుండేది, ఆయన షిఫ్టులో ఉన్నంతసేపూ ఇంట్లో గట్టిగా గిన్నె కూడా పెట్టేది కాదు.

అందుకని, కూతురు పైడితల్లికి మూడో ఏడు నిండీ నిండకుండా ఆ జ్వరం వచ్చినప్పుడు, మధ్యాహ్నం దాకా నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని టకటకా తిరిగిన గుంట సాయంత్రానికి పెనంలా కాలిపోతుంటే, భుజాన వేసుకుని కాలనీ కాంపౌండరు దగ్గరికి పరిగెత్తింది, సూది వేశాడు, తగ్గకపోతే కిందకి దింపెయ్యాలమ్మా, ఇది మామూలు జ్వరంలా లేదు అన్నాడు, అక్కణ్ణుంచి గేటు గదికి వెళ్ళింది, పవర్‌హౌసుకి ఫోను అక్కడే ఉంటుంది, గేటు గుమాస్తా రిసీవరు మీద చెయ్యేసి చెయ్యమంటారా అమ్మా అన్నాడు, గుంట వేడి ఊపిరి మెడ మీద తగులుతోంది, తను ఆ నల్లటి రిసీవరు వంక చూసింది, ఏరు కనిపించింది, గుంటలు కనిపించారు, వద్దు బాబూ, దిగే వేళైపోయింది కదా, వచ్చేస్తారు, అంది, అంది తనే, ఆ గొంతు తనదే, సైరను మోగేదాకా మెట్ల మీద కూర్చుని తడిగుడ్డ మార్చింది, ఆయన వచ్చాడు, జీపు వచ్చింది, ఆ మలుపులన్నీ తిరిగి రంపచోడవరం చేరేసరికి పిల్ల కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, ఆసుపత్రి వరండాలో ముసలి డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, కొంచెం ముందుగా తెచ్చుంటే, అని సగంలో ఆపేశాడు, ఆ సగం మాట తరవాత గణపతిరావు తన వైపు ఒక్కసారి చూశాడు, ఒక్కసారే, ఆ చూపుకి అర్థం తనకి తెలుసనుకుంది, ఇల్లు కాలిపోతన్నా అన్న తన మాటే పిల్లని తినేసిందని ఆయనకి ఆ క్షణంలో తట్టింది, ఈ మనిషి ఇంక బతకడు అనుకుంది, ఆ రోజే ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది, ఆ మాట ఈ జన్మకి తన నోట రాదు, ఆయనకి గుర్తు చెయ్యదు, పెదకర్మకి వచ్చిన అమ్మ నలుగురిలో నిలదీసి, ఒలే రత్నాలూ, మొగుడు అంత దగ్గర్లో ఉంటే కబురెట్టడానికి ఏటొచ్చింది నీకు అంటే, నాకు తోచలేదమ్మా అంది, వరండాలో ఆయన గోడకి చేరగిలబడి వింటున్నాడు, వినాలనే గట్టిగా అంది, నాకు తోచలేదమ్మా, తప్పు నాదే అని.

బేగి ఎయ్యండమ్మా బేగి, సబ్బులోళ్ళు అయిపోతే మళ్ళీ జడ్జీగారొచ్చేత్తారు అంటూ యర్రమ్మ లేచింది, ప్రకటనలు మొదలయ్యాయంటే ఇక్కడ తీర్పు వేళ, ఇది యర్రమ్మ పెట్టిన ఆచారమే, క్యాంటీను అప్పలస్వామి పెళ్ళాం ఆవిడ, రెండు పాత బిస్కట్ల డబ్బాలు, ఒకదానికి ఎర్ర కాగితం అంటించింది, తప్పు చేసిందనుకునే వాళ్ళు ఎర్ర డబ్బాలో చింతపిక్క వెయ్యాలి, చెయ్యలేదనుకునే వాళ్ళు ఉత్త డబ్బాలో, ఓడిపోయిన వాళ్ళు వచ్చే ఆదివారం పకోడీలు వేసి తేవాలి, రత్నాలు ఉత్త డబ్బాలో వేసింది, ఆలోచించనే లేదు, ఆడవాళ్ళందరూ ఇంచుమించు అందులోనే, యర్రమ్మ కుర్చీల వైపు వెళ్ళింది, పిక్కల చప్పుడు ఒకటొకటే దగ్గరవుతోంది, ఆఖరి వరసలో టక్కుమంది, ఓలమ్మో గణపతిబాబు ఎర్ర డబ్బాలో ఏసేరు, మెత్తనోరనుకున్నాను, ఏటి బాబూ ఆ పిల్ల మీద మీకంత కోపం, అని యర్రమ్మ గొంతు, కోపమేటీ లేదు యర్రమ్మా అని ఆయన గొంతు, నవ్వుతూనే, నెమ్మదిగానే, కబురెట్టొచ్చు కదా, పక్కనే ఉంది ఫోను, అంతే, అయితే విషం కూడా ఆవిడే పెట్టిందంటావేవిటోయ్ అని రమణమూర్తిగారు, విషం సంగతి నాకు తెలీదండి, ఓ పేణం పోతంటే అలా కూకుండిపోయింది, మనసులో సెడ్డది కాకపోవచ్చు పాపం, తోచకపోవచ్చు, తోచకపోవడం కూడా తప్పే కదండీ.

యర్రమ్మకి అప్పుడు గుర్తొచ్చింది, నాలిక్కరుచుకుని డబ్బాలు చంకన పెట్టుకుని రత్నాలు వైపు చూసింది, చాపల మీద ఇంకో ఇద్దరు చూశారు, వెంటనే టీవీ వైపు తిరిగిపోయారు, రత్నాలు చాప ఈనె ఒకటి లేచి ఉంటే దాన్ని లోపలికి దూర్చుతోంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ దూర్చుతోంది, తోచకపోవడం, ఆ మాట తనదే, తను ఆయన కోసం అల్లి ఇచ్చిన మాట, ఆయన దాన్ని నిజమనే పుచ్చుకుని, దాచుకుని, ఇవాళ తీసి వాడాడు, అయితే గడప మీద కూర్చుని అన్నది గుర్తు లేదా, ఇల్లు కాలిపోతన్నా అన్నది, పాము, పెద్ద ఇంజనీరు, కడుక్కోని కాళ్ళు, ఒక్కటీ గుర్తు లేదా, ఉండదు, చిరాకులో అన్న మాట, అన్నవాడికి అది ఆ పూటతో పోయింది, విన్నదానికి అది ఇంటి దూలమై నిలబడిపోయింది, మరి ఆ ఆసుపత్రి వరండాలో చూసిన చూపు, అది ఆయన మాట ఆయనకే గుర్తొచ్చి చూసిన చూపు కాదా, కాదు, ఎందుకు కబురెట్టలేదే అని అడిగిన చూపు అది, అడిగి, జవాబు రాక, వదిలేసిన చూపు.

తెర మీద నల్లకోటాయన టెలిఫోను తీగ ముక్క పట్టుకుని ఊపుతున్నాడు, తీగ ఎవరో ముందే కోసేశారట, కళ్ళజోడు పెట్టుకున్న మరిది లేచి పారిపోబోతే బంట్రోతు పట్టుకున్నాడు, కళ్ళజోడోడే, నాను ముందే సెప్పేను అని చాపల మీద కేకలు, మరి ఆ పిల్ల ఆ ముక్క చెప్పి ఏడవొచ్చు కదా అని యర్రమ్మ, రమణమూర్తిగారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, మొగుడే కోశాడనుకుందట, ఆయన మీదకి వస్తుందని నోరిప్పలేదట, అన్నారు, ఈసారి ఏ ముక్కా మింగకుండా చెప్పారు, హాలంతా అయ్యో అంది, యర్రమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది, పకోడీలు మీ ఇంటి నుంచే గణపతిబాబూ అని ఎవరో అంటే, ఎట్టిద్దాంలే, అయినా వకీలు గట్టోడు కాబట్టి బయటపడింది గాని, గడప దాటి ఓ కేకెయ్యొచ్చు కదా, అన్నాడాయన కుర్చీ వెనక్కి జరుపుతూ.

బయట సన్నని జల్లు, కాలనీ మెట్ల దారి నాచు పట్టి ఉంది, సూసుకో, జారుద్ది, అని ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, ఎప్పుడూ పట్టుకుంటాడు, ఈ ఐదేళ్ళలో కూర ఉప్పైపోయినా ఒక్క మాటనలేదు, దొడ్లో నీళ్ళు తోడనివ్వడు, ఆయన చెల్లెలు ఒకసారి నోరు జారబోతే కళ్ళతోనే ఆపేశాడు, బంగారం లాంటి మనిషే నీ మొగుడు అంటారు అందరూ, తనూ అదే అనుకుంది, తప్పు తెలుసుకున్న మనిషి ఇలా మెత్తబడతాడు అనుకుని ఆ మెత్తదనం చూసినప్పుడల్లా లోపల్లోపలే పోన్లెండి, పోన్లెండి అని మన్నిస్తూ వచ్చింది, ఆ చెయ్యి ఇప్పుడూ మోచేతి మీద వెచ్చగా ఉంది, ఇన్నాళ్ళూ ఈ చెయ్యి తనకి చెబుతున్నదీ అదేనా, పోనీలే, పోనీలే అని, చెప్పేస్తే, ఇక్కడే ఈ మెట్టు మీద ఆగి, మీరే అన్నారు కదండీ, ఇల్లు కాలిపోతన్నా కబురెట్టకు అని, పాము వచ్చిన రోజు, అని ఒక్క ముక్క చెప్పేస్తే తను బోను దిగిపోతుంది, కానీ ఆ బోను ఖాళీగా ఉండదు, ఆయన ఎక్కాలి, మధ్యాహ్నం ఆయనకి షిఫ్టు, ఆ చెయ్యి వణక్కూడదు, కింద ఏట్లో ఎవరి గుంటలో ఆడుకుంటూనే ఉంటారు, ఏటే అలగున్నావు, కథ సూసి మనసు పాడుసేసుకున్నావా అన్నాడు, ఏం లేదండి అంది, ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చు, అన్నం నాను వార్చేత్తాను అన్నాడు, అంత మెత్తగా అన్నాడు, ఒక్కసారి, ఒక్కసారి తిట్టినా బాగుండేది, ఎందుకు కబురెట్టలేదే అని జుట్టు పట్టుకుని అడిగినా అప్పుడే మాట బయటపడి ఇద్దరూ నేల మీద పడి ఏడ్చి ఉండేవాళ్ళు, ఏడవలేదు, తను దొడ్లో రాతి మీద గుడ్డలుతుకుతూ ఏడ్చింది, ఆయన ఎక్కడ ఏడ్చాడో తనకి తెలియదు, ఇంట్లోకి వచ్చేటప్పుడు ఇద్దరూ ముఖాలు కడుక్కునే వచ్చేవారు, ఎదుటి మనిషి నేరం ఎదుటి మనిషికి గుర్తు రాకుండా ఉండాలని, అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా, ఆమె ఆయన్ని, ఆయన ఆమెని మన్నించుకుంటూ కూర్చున్నారు గాని, పైడితల్లి కోసం ఇద్దరూ కలిసి ఇంకా ఒక్కసారి కూడా ఏడవనే లేదు.