నాలుగు పాయింట్ రెండు

తాళంచెవిని సెట్టింగుల ఫైల్లో రాసి, టైపక్క ఒక్కో అక్షరాన్నీ వేలితో తాకుతూ రెండుసార్లు చదివింది. తాళంచెవి అంటే ముప్పై రెండు అక్షరాల వరస. అది చూపిస్తేనే బయటి పెద్ద ల్యాబు సర్వరు రిపోర్టులిస్తుంది. ఇరవయ్యారేళ్లుగా ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల అంకెలు టైపు చేసి, అలాగే రెండేసిసార్లు చదివి వార్డులకు పంపింది. అందరి నోటా టైపక్క అయిపోయి, అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

మధ్యాహ్నాలు అన్నం తింటూ, ఎడమచేత్తో పుస్తకం తిప్పుకుంటూ పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుంది. ఆ పేరుకు కొండచిలువ అని అర్థం. ఇప్పుడు ఆమె రాసిన ప్రోగ్రాము పావుగంటకోసారి ఆ సర్వరును అడిగి, జవాబును తిన్నగా వార్డు ప్రింటరుకు పంపుతుంది.

"ఏం టైపక్కా, నీ కొండచిలువ లేచిందా?" అన్నాడు ఊడ్చే బాబాయ్.

"లేచింది. ఆ వైరు తొక్కకు, దాని తోక."

పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. "నీ ప్రోగ్రాము చూడ్డానికి పైనుంచి పెద్దవాళ్లొస్తున్నారు. అసలు సర్వరు మెల్లగా ఉంది, పరువు పోతుంది. టెస్టు అడ్రసు పెట్టు."

"అది ఉత్తుత్తి అడ్రసు సార్. ఎవరి నంబరడిగినా ఒకటే చెబుతుంది. పొటాషియం నాలుగు పాయింట్ రెండు, అందరూ బాగున్నట్టే."

"అరగంటే కదా! నేను చెప్పేదాకా ముట్టుకోకు."

ఆమె ఒక్క వరస మార్చింది. పెద్దవాళ్లు వచ్చారు. వార్డు ప్రింటరులో కాగితం టక్కున వచ్చింది. చప్పట్లు కొట్టారు, ఫొటో దిగారు, భోజనానికి వెళ్లారు.

పన్నెండున్నరకు ఫోను చేసింది. "సార్, మార్చేయనా?"

"అబ్బ, చెప్తానన్నాగా! మళ్లీ చూపించమంటారేమో."

ఒంటిగంటకు అతను ఫోనెత్తలేదు. ఆమె చెయ్యి కీబోర్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. భర్త పోయాడని కబురొచ్చిన రోజున కూడా, సెలవుచీటీ మీద సంతకం పడేదాకా ఆగిన చెయ్యి అది.

రెండింటికి వార్డు నర్సు ఫోను. "అక్కా, ఎనిమిదో మంచం పెద్దాయనకి నాలుగు పాయింట్ రెండొచ్చింది. ఏడుకీ అంతే, తొమ్మిదికీ అంతే. ఇదేం చోద్యం?"

"చించెయ్యమ్మా! ఒక్కటీ నిజం కాదు."

ఎవరినీ అడగలేదు. అడ్రసు మార్చింది. అసలు సర్వరు మెల్లగా, మెల్లగా జవాబిచ్చింది. ఎనిమిదో మంచానికి ఏడు పాయింట్ ఒకటి. గుండె ఆగిపోయేంత ఎక్కువ. ఫోన్లో ఆ అంకెను రెండుసార్లు అరిచింది.

"అయ్యో! రిపోర్టు బాగుందని డాక్టరుగారు వెళ్లిపోయారక్కా."

"పరిగెత్తు! పిలుచుకురా!"

మూడింటికి సూపర్‌వైజరు తమలపాకు నములుతున్నంత తీరుబడిగా వచ్చాడు. సంగతి విన్నాక మొహం మాడింది. ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. "నెట్ పోయిందని రాసి సంతకం పెట్టు."

"నెట్ పోలేదు."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఇన్నేళ్లూ నెమ్మదిగానే మాట్లాడాను. మీరు ముట్టుకోవద్దన్నారు. నేను బుద్ధిలేనిదానిలా ఊరుకున్నాను. రెండూ రాస్తాను."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"పొద్దున ఉండేది."

గంటలు వేసి, నిమిషాలు వేసి రాసింది. పెన్ను మొన కాగితాన్ని రెండుచోట్ల చింపింది. రాసింది రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, అతని చేతికివ్వకుండా మేడమీద పెద్ద డాక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఫోను మోగుతోంది. అవతల నర్సు. "అక్కా... ఎనిమిదో మంచం ఖాళీ అయింది."

టైపక్క ఫోను పెట్టేసింది. వార్డు నుంచి మళ్లీ పరీక్షకని తీసిన రక్తం, ఆ కబురుకంటే కాస్త ముందే బయల్దేరి, ల్యాబు కిటికీలోకి వచ్చి ఉంది. బొటనవేలంత గాజు గొట్టం. దాని మీద హడావిడిగా రాసిన ఎనిమిది అంకె. అరచేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.