గంట మోగే ఐసు ఫ్యాక్టరీ

ఎనభై తొమ్మిది వేసవి, పెళ్ళిళ్ళ రోజులు. బెంగాలీ రైల్వే ఊళ్ళోని తెలుగు పేట నిమ్‌పురాలో తవిటయ్య ఐసు ఫ్యాక్టరీ ముందు చేపలమ్మే ఆడవాళ్ళు దిమ్మల కోసం వరస కట్టి ఉండగా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గంట మోగింది.

ఆ గంట తవిటయ్య కోరి పెట్టించుకున్నది కాదు. వేలంలో కొన్న ట్రాన్స్‌ఫార్మరుతో పాటే వచ్చింది. నూనె తొట్టికీ, పైనున్న చిన్న డ్రమ్ముకీ మధ్య గొట్టంలో గాజు కిటికీ ఉన్న ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని బకోల్జ్ రిలే అంటారు. నూనెలో మునిగిన తీగచుట్టల్లో ఎక్కడ మాడినా గ్యాసు పుట్టి ఆ పెట్టెలో చేరుతుంది, గంట మోగుతుంది. ఉత్త గాలి చేరినా మోగుతుంది. ఏది చేరిందో తేలాలంటే అగ్గిపుల్ల గియ్యాలి. గాలి మండదు.

రైల్వేలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన లూకాకు కబురు వెళ్ళింది. ఆయన ముందు కరెంటు తీయించి, పెట్టె మీది చిన్న కుళాయి తిప్పి పుల్ల గీశాడు. పసుప్పచ్చటి మంట లేచింది.

"అది నీ పుల్ల మంటే దాదా," అన్నాడు తవిటయ్య.

"పుల్ల ఆర్పీసినాను. ఇంకా మండతంది, సూసుకో."

తవిటయ్య లెక్క వేసుకున్నాడు. నడిపితే బేరం దక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మరు మాట చెప్పలేం. ఆపితే ట్రాన్స్‌ఫార్మరు దక్కుతుంది, బేరం అవతలి పేట ఝపటాపూర్‌లో రిచర్డ్ ఐసు ఫ్యాక్టరీకి పోతుంది. పోయిన బేరాన్ని మళ్ళీ పిలుచుకోవచ్చులే అని ఆపేశాడు.

"మా సేపలకి నీ గంటతోటి ఏటి పని బావూ?" అంది వరసలో ముందున్న చిట్టెమ్మ. "రిచర్డు బాబు కాడ గంటా లేదు గింటా లేదు." బుట్టలన్నీ ఆమె వెనకే వెళ్ళిపోయాయి.

మూత విప్పితే లోపల ఒక్క అతుకు వదులై మాడి ఉంది. బాగు చేయించి, ఆ మాడిన ముక్కను తవిటయ్య చేపల బజారుకు పట్టుకెళ్ళి చూపించాడు.

"ఇంతేనా? మా కోడలు రోజూ ఇంతకన్నా ఎక్కువే మాడస్తాది," అంది చిట్టెమ్మ. అందరూ నవ్వారు. ఒక్కరూ తిరిగి రాలేదు. జరగని నష్టాన్ని చూపించి ఎవరినని బేరం అడుగుతాడు?

ఆ నెలలోనే రిచర్డ్ ట్రాన్స్‌ఫార్మరు పేలింది. పొగ పూరీ గేట్ దాకా కనిపించింది. మనుషులకేమీ కాలేదని తెలిశాక తవిటయ్య నిశ్చింతగా సంతోషించి, దిమ్మలు సిద్ధం చేయించి కూర్చున్నాడు. అనుకున్నట్టే అందరూ వచ్చారు.

"ఆ బాబుకి కొత్తది వొచ్చీదాకా నీ కాడ కొంటాం. తరవాత ఎల్లిపోతాం, ముందే సెప్తన్నాను," అంది చిట్టెమ్మ. "మాకోసం ఒక్క పూటైనా ఆపకండా ఆకరికి కాల్సుకున్నాడు. నువ్వు గంట మోగిందని ఆపీసినావు. ఆయనకి సందా ఎత్తుతున్నాం, నీ పేరు ముందు రాయించు. ఠీక్ హై?"

కాల్చుకున్నవాడికి చందా, కాపాడుకున్నవాడికి చీవాట్లు. ఈ పద్దు ఎటు కూడినా తవిటయ్యకు కలవలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"డబ్బియ్యను. కొత్త ట్రాన్స్‌ఫార్మరుకి రిలే నేనే కొనిస్తాను. లూకా దాదా బిగిస్తాడు. దాని వైరు ఎవలూ పీకకూడదు, అప్పుడప్పుడూ నేనే వొచ్చి సూసుకుంటాను."

చిట్టెమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది. "పోటీవోడి మీద ఇంత దయ ఎవలికుంటాది బావూ!"

ఆడవాళ్ళు వెళ్ళాక లూకా అడిగాడు, "నిజంగా దయేనా తవిటయ్యా?"

"దయే దాదా. ఆయన ఫ్యాక్టరీ ఇంక కాలకూడదు. సీజన్లో ఆగాల, అంతే. నాది ఆగినట్టు." తవిటయ్య గొంతు తగ్గించాడు. "గంట మటుకు పెద్దది ఎట్టు. సేపల బజారు దాకా ఇనబడాల."